తాగుబోతుల పడుగు

అత్తిమంజేరిపేట నేతవీధిలో ఒక మనిషి ఎట్లాంటివాడో తెలుసుకోవాలంటే జాతకం చూడక్కర్లేదు, పెళ్ళాన్ని అడగక్కర్లేదు. తెల్లారగట్ల వీధిలో పడుగు చాచినప్పుడు వాడి చేతికి కుంచె ఇచ్చి చూస్తే చాలు. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. వెయ్యికి పైగా పోగుల్ని వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇంటూ గుర్తులా కట్టి పాతిన వెదురు కత్తెరల మీద చాచి, గంజి పట్టించి, పోగుకు పోగు అంటుకోకుండా పొడుగాటి కుంచెతో దువ్వి, ఎండ ముదరక ముందే ఆరబెట్టాలి. కుంచెకు రెండు కొసలు. పడుగుకు అటొక మనిషి, ఇటొక మనిషి పట్టుకుని అడుగులో అడుగు కలిపి నడవాలి. ఒకడు ముందుకు తూగితే రెండోవాడి వైపు పోగులు పుటుక్కుమంటాయి.

ఇది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఎనిమిది మందైనా ఉండాలి. అందుకని ఇవాళ నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. దానికి కూలి లేదు. తాంబూలమిచ్చి పిలిచేదీ లేదు. వీధిలో కత్తెరలు పాతుతున్న చప్పుడు వినపడితే మొగం కడుక్కుని రావడమే. పగవాడి పడుగైనా సరే, వచ్చి కుంచె పట్టి, పనయ్యాక మళ్ళీ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు.

ఆ వీధిలో దేవరాజులు చేతికి పేరుండేది. తెగిన పోగును అతను అతికితే, అతికిన చోటు మళ్ళీ అతనికే దొరికేది కాదు. నాలుగిళ్ళ అవతల కొత్త పడుగు దిగినా "దేవరాజులు వచ్చినాడా?" అని అడిగి మరీ పని మొదలుపెట్టేవాళ్ళు. అంత చెయ్యి ఉన్నవాడు ఆ చేత్తోనే గ్లాసు పట్టాడు. ఎందుకు పట్టాడంటే ఏం చెప్తాం? అందరూ ఎందుకు పట్టారో అందుకే. మొదట అలసటకు, తర్వాత సావాసానికి, ఆ తర్వాత కారణాలు వెతుక్కోవడం కూడా దండగనిపించి.

1974లో తమిళనాడులో సారా అంగళ్ళు మూశారు. ఆడవాళ్ళు హారతులిచ్చినంత పని చేశారు. కానీ మూసినవాళ్ళకు మా ఊరి భూగోళం తెలియదు. అత్తిమంజేరిపేట నుంచి ఆంధ్రా సరిహద్దు రెండు బీడీల దూరం. ఇవతల నిషేధం, అవతల అంగడి. పోయేటప్పుడు రెండు బీడీల దూరమే, వచ్చేటప్పుడు ఎంత దూరమో ఏ ఒక్కడూ సరిగ్గా చెప్పలేకపోయాడు.

1977లో, శివరాత్రి వచ్చే మాసి నెలలో, ఒక పొద్దున సుబ్బన్న పడుగు చాచారు. సుబ్బన్న వీధికి పెద్ద, దేవరాజులు భార్య తులసమ్మకు మేనమామ. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం మొగ్గ, వీపు వెనక కట్టుకున్న చేతులు, తెల్లటి పంచె. కొన్నేళ్ళుగా ఆయన కుంచె పట్టడం మానేశాడు. పెద్దమనిషి గదా, నిలబడి చూస్తే చాలు, పని అదే జరుగుతుంది.

అప్పటికి దేవరాజులు పరిస్థితి ఎట్లా ఉందంటే, తాగకపోతే చేతులు వణుకుతాయి, తాగితే కాళ్ళు వణుకుతాయి. ఆ పొద్దున చేతులు నిలవాలని, ముందురోజు తెచ్చి దాచుకున్నది రెండు గుక్కలు వేసుకుని వచ్చాడు. చేతులు నిలిచాయి. కాళ్ళు మోసం చేశాయి. పడుగు మధ్యకు వచ్చేసరికి, గంజితో తడిసి మెరుస్తున్న పోగుల మీద అడ్డంగా పడిపోయాడు. కత్తెరలు కూలాయి. వందల పోగులు తెగి, మిగిలినవి మట్టిలో పొర్లాయి.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సుబ్బన్న దగ్గరికి వచ్చి, చేతులు వెనకనుంచి తియ్యకుండానే అన్నాడు.

"నీ చెయ్యి ఇంక ఈ వీధి పడుగు మీద పడకూడదు."

అంతే. ఆ మాటకు అర్థం బయటివాళ్ళకు తెలియదు. ఒకరి పడుగు నువ్వు ముట్టకపోతే నీ పడుగుకు ఒకరు రారు. నీ పడుగుకు ఎవరూ రాకపోతే నీ మగ్గం ఆడదు. నెల తిరిగేసరికి మగ్గం మీదున్న పాత పడుగు అయిపోయింది. ఆఖరి బట్ట కోశాక మగ్గం గుంటలో పిల్లి ఈనింది. తులసమ్మ ఊళ్ళోవాళ్ళకు నూలు కండెలు చుట్టి పెట్టడానికి పోయేది. మేనమామ వాకిట్లోనే కూర్చుని రాట్నం తిప్పేది, ఆయన మొగం మాత్రం చూసేది కాదు. దేవరాజులు పనికోసం తిరువళ్ళూరు బస్సెక్కాడు.

తిరువళ్ళూరులో బస్సులకు రేకు పనిచేసే షెడ్డులో బరువులు మోసే పని దొరికింది. అక్కడ ఫిట్టరు తంగరాజు. క్రైస్తవుడు, ఇంట్లో తెలుగు, బయట తమిళం, కోపమొస్తే రెండూ. ఒక మధ్యాహ్నం దేవరాజులు తన సీసాను స్పానర్ల పెట్టె అడుగున దాస్తుంటే వెనక నుంచి చూశాడు. దేవరాజులు పని పోయిందే అనుకున్నాడు.

"ఆడ వద్దు," అన్నాడు తంగరాజు. "నేనూ ఆడనే దాస్తా ఉంటి. మూడు తూర్లు మేస్త్రీకి దొరికినా."

దేవరాజులు బిక్కమొగం వేశాడు. "ఇప్పుడు యాడ దాస్తావన్నా?"

"ఇప్పుడు దాచేదానికి ఏమీ లేదు. తొమ్మిదేండ్లు అయింది ముట్టి."

నీతులు చెప్పకుండా ఆ సంగతి చెప్పిన మొదటి మనిషి అతనే. శనివారం సాయంత్రం రైలెక్కించి మద్రాసు తీసుకుపోయాడు. ఏదో బడిలో ఒక తరగతి గది. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్న పదమూడు మంది మొగవాళ్ళు. అందులో ఒకడు బ్యాంకు ఆఫీసరు, ఒకడు రిక్షా తొక్కేవాడు. ఒక్కొక్కడూ లేచి పేరు చెప్పడం, "నాన్ ఒరు కుడికారన్" అనడం. నేనొక తాగుబోతును, అని. దేవరాజులు నోరు వెళ్ళబెట్టాడు. మా వీధిలో ఆ మాట ఇంకొకణ్ణి అంటే తలలు పగుల్తాయి. ఇక్కడ ఎవరంతట వాళ్ళే చెప్పుకుంటున్నారు, చెప్పినవాడికి టీ కూడా ఇస్తున్నారు!

తిరుగు రైల్లో తంగరాజు ఆ కథంతా చెప్పాడు. మనకు స్వాతంత్ర్యం రాకముందు అమెరికాలో ఇద్దరు తాగుబోతులుండేవాళ్ళట. ఒకడు డాక్టరు, ఒకడు షేర్ల వ్యాపారి. ఎవరు చెప్పినా మానలేదు, ఆస్పత్రుల్లో పడేసినా మానలేదు. ఒకసారి ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని, దాచుకోకుండా, ఎంత పాడైపోయామో చెప్పుకున్నారు. ఆ పూటకు తాగాలనిపించలేదు. మర్నాడు మళ్ళీ కూర్చున్నారు. ఆ తర్వాత ఇంకొక తాగుబోతును వెతికి పట్టుకున్నారు. అట్లా పాకి పాకి మద్రాసు దాకా వచ్చింది.

"మందు లేదా?" అన్నాడు దేవరాజులు.

"లేదు."

"మంత్రం?"

"అదీ లేదు. ఇన్నైక్కు మట్టుం. ఇయ్యాలకి తాగను, అంతే. రేపటి సంగతి రేపు. ఇద్దురుంటే చాలు దేవరాజులూ. ఒక్కడైతే మాత్రం కాదు."

దేవరాజులు చాలా కాలం తర్వాత నవ్వాడు. "మా కుంచె మాదిరి ఉండాదే అన్నా," అన్నాడు.

ఆ పైన పధ్నాలుగు నెలలు తిరువళ్ళూరులోనే ఉండిపోయాడు. ప్రతి శనివారం రైలు. మొదటి వారం చేతులు ఎంత వణికాయంటే టీ గ్లాసు తంగరాజు పట్టుకుని తాగించాడు. పధ్నాలుగో నెలలో, సరదాకి, షెడ్డులో పాత సీటు గుడ్డ నుంచి ఒక పోగు లాగి, తెంపి, అతికి చూసుకున్నాడు. అతికిన చోటు కనపడలేదు. ఆ పూటే లెక్కజీతం తీసుకుని ఊరికి బయల్దేరాడు. అతనికి కావలసింది ఒక్కటే. వీధి పడుగు మీద మళ్ళీ తన చెయ్యి పడాలి.

ఊళ్ళో ఎవరూ ఎదురు రాలేదు. సుబ్బన్న లవంగం నములుతూ, "పట్నంలో మానినోడు పేటలో మానినట్టు కాదులే," అన్నాడు. వీధి పడుగు ముట్టకూడదన్న మాట అట్లాగే ఉంది. తులసమ్మ కూడా నమ్మలేదు. రెండు నెలలు రోజూ పొద్దున్నే వాసన చూసి కానీ కాఫీ ఇవ్వలేదు.

ఒక్కడైతే కాదని తంగరాజు చెప్పాడు గదా. దేవరాజులు ఆదివారం మధ్యాహ్నాలు బడి వసారాలో కూర్చోవడం మొదలుపెట్టాడు. తాగుడు మానాలనుకున్నవాళ్ళు రావచ్చని ఊరంతా చెప్పాడు. మొదటి ఆదివారం ఒక మేక వచ్చింది. రెండో ఆదివారం అదీ రాలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బడి ముందు నడిచే ప్రతివాడూ ఆకాశం చూస్తూ వేగంగా నడిచేవాడు. "వచ్చినాడమ్మా శ్రీరంగ నీతులు చెప్పేవాడు," అని వీధి నవ్వింది. ఎనిమిదో ఆదివారం పచ్చయ్యప్ప వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మంచి నేతగాడు, సరిహద్దు అంగడికి పెద్ద చుట్టం. "మా మేక ఇట్లొచ్చిందా అన్నా?" అని అడిగి కూర్చుండిపోయాడు. అతనికి మేకే లేదు. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు.

వచ్చారు కానీ నోరు విప్పలేదు. మద్రాసులో ఎవరికెవరూ ఏమీ కారు. ఇక్కడ ఒకడు బావ, ఒకడు పినతండ్రి కొడుకు. మొగంలోకి మొగం చూస్తూ నేను తాగుబోతునని ఎట్లా చెప్పుకుంటారు? గంటసేపు గోడ చూసి ఇంటికి పోయేవాళ్ళు. అప్పుడు దేవరాజులు మా వీధివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు చేశాడు. మాట రాకపోతే ఒట్టు వేయిద్దాం అనుకున్నాడు.

ఈ రోజుకు చాలని తంగరాజు ఎన్నిసార్లు చెప్పాడో. పట్నంవాళ్ళకు ఒక రోజు చాలేమో, మాకు కొండ మీద సామికి జీవితాంతమైనా ఇవ్వకపోతే మర్యాదేముంటుంది అని దేవరాజులు లెక్క. ఆడికృత్తిక పండక్కు నలుగురూ కావడి భుజానేసుకుని తిరుత్తణి నడిచారు. మెట్లన్నీ ఎక్కి, అరచేతిలో కర్పూరం వెలిగించి, చచ్చేదాకా ముట్టమని సుబ్రహ్మణ్యస్వామి మీద ఒట్టేశారు. ఊరికొస్తే మేళం ఒక్కటే తక్కువ. పచ్చయ్యప్ప తల్లి వీధిలో ఇంటింటికీ పొంగలి పంచింది.

పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు పచ్చయ్యప్ప తాగాడు.

మామూలుగా తాగి ఉంటే మర్నాడు సిగ్గుపడి వచ్చి కూర్చునేవాడేమో. ఇప్పుడు సామి మీద ఒట్టు తప్పాడు. నిండా మునిగినవాడికి చలేమిటి? ముందు సాయంత్రం పూట తాగేవాడు, ఇప్పుడు పొద్దున్నుంచే మొదలుపెట్టాడు. నెల తిరగకుండా మిగతా ఇద్దరూ అదే దారి పట్టారు. దేవరాజులు వాకిలి తడితే పచ్చయ్యప్ప లోపల్నుంచే అరిచాడు.

"రావొద్దన్నా! సామికే పనికిరానోణ్ణి, నీకు పనికొస్తానా?"

ఆ మధ్యాహ్నం దేవరాజులు కాళ్ళు అతన్ని సరిహద్దు దాకా తీసుకుపోయాయి. అంగడి కనపడుతోంది. అక్కడ అరగంట నిలబడ్డాడు. భయమేసింది. బతుకులో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో వచ్చి, దొరికిన బస్సెక్కి తిరువళ్ళూరు పోయి, షెడ్డులో తంగరాజు ముందు కూలబడ్డాడు.

తంగరాజు అంతా విని రెండు భాషల్లోనూ తిట్టాడు. "పడినోడు లేచి వచ్చేదానికి వాకిలి తెరిచి పెట్టాలరా. నువ్వు ఆ వాకిట్లో సామినే నిలబెట్టినావు. ఆయన్ని దాటుకోని వాడు యా మొగంతో వస్తాడు? మీ సామికి కోపం ఏమీ లేదు. మీ ఒట్టుకే ఉండాది కోపం."

దేవరాజులు తల వంచుకుని ఊరికి వచ్చాడు. వసారాలో కూర్చోవడం మానలేదు. మళ్ళీ ఒక్కడే.

గాలి మార్చింది తులసమ్మ. తర్వాతి తై నెలలో, సంక్రాంతి పోయాక, ఒక రోజు నేతగాళ్ళ సొసైటీ నుంచి నూలు తెచ్చి, పోగులు వరసగా చుట్టే ఆసు ఎవరిదో అడిగి దాని మీద పడుగు పోసుకుని, ఆ ఉండ తెచ్చి నట్టింట్లో దబ్బున పెట్టింది.

"గుంటలో పిల్లి నాలుగో ఈత ఈనింది. ఇంక చాలు. మగ్గం ఆడాల."

"పడుగుకు ఎవురొస్తారే?" అన్నాడు దేవరాజులు.

"నీ తాగుబోతులకు చేతులు లేవా?"

"వణుకుతాయే!"

"వణికితే వణకనీ. కుంచె కదిలించేదానికే కదా!"

అని కొంగు బిగించి బయల్దేరింది. పచ్చయ్యప్ప ఇంటి ముందు నిలబడి వీధంతా వినపడేట్టు చెప్పింది. "ఒట్టు గిట్టు నాకు తెలీదప్పా. పడుగుకు మనిషి తక్కువ. పొద్దున్నే వచ్చేయ్." పడుగుకు పిలిచిన మనిషిని కాదంటే నేతగాడింట పుట్టినట్టే కాదు. ఆ సంగతి తులసమ్మకు తెలుసు, పచ్చయ్యప్పకూ తెలుసు. సామికి భయపడి దాక్కున్నవాడు తులసమ్మకు భయపడి వచ్చాడు. మిగతా ఇద్దర్నీ అట్లాగే పట్టుకొచ్చింది.

మేనమామ మాట వీధికి గదా. అందుకని వీధి వదిలి, బడి వెనక వేరుశెనగ చేని గట్టు పక్కన, బండిదారిలో కత్తెరలు పాతింది. ఎనిమిది మంది చెయ్యాల్సిన పనికి అయిదుగురు. ఇంకా మంచు విడవలేదు. కుంచె ఇటు కొస దేవరాజులు, అటు కొస పచ్చయ్యప్ప. మూడేళ్ళ తర్వాత తడి పోగులు అరచేతికి తగిలితే దేవరాజులుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

కుంచె పట్టినవాడు పక్కకు చూడకూడదు, ఎదుటివాడి మొగం అసలే చూడకూడదు. కళ్ళు పోగుల మీదే ఉండాలి. ఎక్కడ ముడి ఉందో, ఎక్కడ తెగబోతోందో. అట్లా పదడుగులు పోయాక, అవతలి నుంచి, తల వంచుకునే, చిన్న గొంతు వచ్చింది.

"అన్నా, నేను నిన్న తాగినా."

దేవరాజులు కూడా తలెత్తలేదు. వసారాలో ఇన్ని నెలలు కూర్చున్నా రాని మాట అది. తలెత్తితే ఎగిరిపోతుందేమో అనిపించింది.

"ఇయ్యాల?" అన్నాడు.

"ఇయ్యాల ఇంకా లేదు."

"నేనూ ఇయ్యాల ఇంకా లేదు," అన్నాడు దేవరాజులు. "లాగు."

కుంచె కదిలింది. పచ్చయ్యప్ప ఆగలేదు. ఒట్టు తప్పిన రోజు గురించి చెప్పాడు. పొంగలి పంచిన తల్లి ఆ రోజు నుంచి వీధిలోకి రావడం మానేసిందని చెప్పాడు. అవతల గంజి చిలకరిస్తున్న ఇద్దరూ అది విని, వాళ్ళూ పోగులకే చెప్పుకుంటున్నట్టు ఒక్కో మాట మొదలుపెట్టారు. దేవరాజులు సరిహద్దులో నిలబడిన అరగంట సంగతి చెప్పాడు. అది తులసమ్మకూ అప్పుడే తెలిసింది. ఆమె తెగిన పోగు అతుకుతూ, ముక్కు ఎగబీల్చి, "చలి," అంది.

ఆ పడుగు గొప్పగా రాలేదు. గంజి గడ్డలు కట్టింది. దాంట్లో దిగిన లుంగీలు చూసి సొసైటీలో మొగం చిట్లించారు. కానీ మగ్గం ఆడింది. పిల్లి ఇంకో ఇల్లు వెతుక్కుంది.

అట్లా మొదలైంది. ఎవరింట్లో మనుషులు తక్కువో, ఎవరు మొగదిక్కు లేనివాళ్ళో, వాళ్ళ పడుగుకు వీళ్ళు పోయేవాళ్ళు. బండిదారిలోనే, తెల్లవారుజామునే. తాగుబోతుకు తెల్లవారుజాము ఎంత చెడ్డ వేళో తాగినవాడికే తెలుసు, ఒళ్ళంతా మొదటి గుక్క కోసం పీకుతుంటుంది. ఆ వేళకు చేతిలో కుంచె ఉండేది, అవతల ఇంకో మనిషి ఉండేవాడు. ఒట్టు పెట్టడం కట్టిపెట్టారు. ఎవడైనా ఆవేశపడి "ఇంక జన్మలో..." అని మొదలుపెడితే నలుగురూ ఒక్కసారి "ఇయ్యాల సంగతి చెప్పు!" అని అరిచేవాళ్ళు. వీధి దానికి తాగుబోతుల పడుగని ఎగతాళిగా పేరు పెట్టింది. వీళ్ళు ఆ పేరే ఉంచుకున్నారు.

తంగరాజు ఒకసారి వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మద్రాసులో బెంచీలు, మీకు పడుగా! బాగుండాది," అన్నాడు. అతను చెప్పగా విని పక్కనున్న ఆర్.కె.పేట నుంచి ఇద్దరు వచ్చారు, నెల రోజులు కుంచె పట్టి పోయి, వాళ్ళ వీధిలో పెట్టుకున్నారు. తిరుత్తణిలో మగ్గాలు లేవు. అక్కడ పూలు కట్టి అమ్మే కోకిల, తాగే మొగుణ్ణి పెట్టుకుని వేగుతున్నది, తన కొట్టం ఇచ్చింది. మొగవాళ్ళందరూ గుండ్రంగా కూర్చుని, కళ్ళు మల్లెమొగ్గల మీద పెట్టి, దండలు కడుతూ చెప్పుకునేవాళ్ళు. ఆ దండలు వంకరటింకరగా ఉండేవి. అయినా కొండ మీద ఆ సామికే పోయేవి. దేవరాజులుకు అది తెలిసి కడుపు నిండింది.

1981లో సర్కారు మళ్ళీ అంగళ్ళు తెరిచింది. రెండు బీడీల దూరం అగ్గిపుల్ల దూరమైంది. నేతవీధి మొగదలలోనే సారా కొట్టు వెలిసింది. ఆ ఏడు తాగుబోతుల పడుగు నుంచి నలుగురు జారిపోయారు. ఇద్దరు తిరిగొచ్చారు. పచ్చయ్యప్ప రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ మర్నాడే వచ్చి, ఎవరూ అడక్కముందే "నిన్న తాగినా" అని కుంచె అందుకున్నాడు. మూడోసారి పడలేదు. ఏడాది గడిచేసరికి వాళ్ళు పదకొండు మంది.

కానీ అది బండిదారే. వీధిలో కత్తెరలు పాతుతున్న చప్పుడు వినపడ్డ ప్రతి పొద్దునా దేవరాజులు మంచం మీద లేచి కూర్చునేవాడు. అంతలోనే గుర్తొచ్చి మళ్ళీ పడుకునేవాడు. తులసమ్మ చూసీ చూడనట్టుండేది.

1982 ఆడికృత్తిక మర్నాడు. వీధిలో మొగవాళ్ళందరూ ముందురోజు తిరుత్తణి పోయి కావళ్ళు దించి, వచ్చేటప్పుడు మొగదల కొట్టులో బరువు దించుకున్నారు. ఆ సంగతి తెలియక సుబ్బన్న తెల్లారే పడుగు చాచాడు. రెండు పడుగులు కలిపినంత పెద్దది. ఆరుగురు ముసలివాళ్ళతో గంజి పట్టించేశాడు, కుంచెలకు మనుషులొస్తారులెమ్మని. కత్తెరల చప్పుడు విని ఎవరూ రాలేదు. పిలిస్తే ఒకడు గడప మీదే కూలబడ్డాడు, ఇంకొకడికి తలే లేవలేదు. తూర్పున ఎండ వచ్చేస్తోంది. దువ్వకముందు గంజి ఆరిందంటే పోగులన్నీ ఒక్క చాపయిపోతాయి. దాన్ని ఇక పొయ్యిలో పెట్టుకోవాలి.

బడి వెనక పదకొండు మంది తమ పడుగు ముగించి కుంచెలు కడుక్కుంటున్నారు. సుబ్బన్న నడుచుకుంటూ వచ్చాడు. నడకలో తొందర, మొగంలో చెప్పలేని కష్టం. చేతులు వెనకే ఉన్నాయి.

"దేవరాజులూ," అన్నాడు. "పడుగు ఆరిపోతా ఉండాది."

అందరూ దేవరాజులును చూశారు. అయిదేళ్ళ మాట గొంతులో ఉంది. అనకుండా ఉండలేకపోయాడు. దేవుడు కాదు గదా.

"నా చెయ్యి వీధి పడుగు మీద పడకూడదని అంటివే మామా."

సుబ్బన్న తల దించుకున్నాడు. "అంటి. ఆ మాట నాదే. ఇప్పుడు నేనే పిలస్తా ఉండా. రా నాయనా."

"ఏందయ్యా ఇంకా?" అని తులసమ్మ గట్టు మీంచి అరిచింది. "సూర్యుడు మీ పంచాయితీకి ఆగుతాడా?"

పరిగెత్తారు. పదకొండు మందీ కుంచెలు భుజాన వేసుకుని, గంజి చేతులతో, నేతవీధిలోకి పరిగెత్తారు. సారా కొట్టు ముందు నుంచే పోయారు, ఒక్కడూ తల తిప్పలేదు, తిప్పేందుకు తీరికెక్కడిది? గడపల్లో కూలబడ్డవాళ్ళు కళ్ళు నులుముకుని చూశారు. ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. ఏ పేరు పెట్టి ఇన్నాళ్ళూ నవ్వారో ఆ తాగుబోతులు, వీధి నడుమ, పెద్దాయన పడుగుకు అటూ ఇటూ బారులు తీరారు.

ఆరు కుంచెలు. పన్నెండు కొసలు. మనుషులు పదకొండు మంది.

దేవరాజులు కుంచెకు అవతలి కొస ఖాళీగా ఉంది. తులసమ్మ ఆ చివర తెగిన పోగుల దగ్గర కూర్చుని ఉంది. ముసలివాళ్ళు కత్తెరలు పట్టుకుని ఉన్నారు. దేవరాజులు చుట్టూ చూసి, "మామా, పట్టు," అన్నాడు.

సుబ్బన్న కదల్లేదు. "నేను ఇడిసి పెట్టి చానాళ్ళయింది."

"పట్టు మామా, ఎండ!"

సుబ్బన్న చేతులు వెనకనుంచి తీశాడు. వచ్చి కుంచె పట్టాడు. ఇద్దరూ అడుగేశారు.

నాలుగడుగులు పోయేసరికి దేవరాజులుకు తెలిసిపోయింది. కుంచె అవతలి కొస వణుకుతోంది. ముసలితనపు వణుకు కాదు. ఈ వణుకుతో అతను కాపురం చేశాడు. టీ గ్లాసు పట్టుకోలేనప్పటి వణుకు, పొద్దున్నే రెండు గుక్కలు పడితే కానీ నిలవనిది. ఇన్నేళ్ళూ ఆ చేతులు వెనక్కి ఎందుకుండేవో, నోట్లో లవంగం ఎందుకుండేదో అర్థమై, పేటలో ఇంత నేర్పుగా ఎవరూ దాచుకోలేదు గదా అని ఆశ్చర్యమేసింది. కోపం రావాల్సింది. ఎంత వెతుక్కున్నా రాలేదు. ఇంత కాలం ఈ ముసలాయన ఒక్కడే మోశాడే అనిపించింది.

దేవరాజులు తలెత్తలేదు. కళ్ళు పోగుల మీదే పెట్టి, కుంచె తన వైపు బరువు కొంచెం ఎక్కువ తీసుకున్నాడు. పడుగు సగం దాటాక అవతలి నుంచి మాట వచ్చింది. వీధిని శాసించిన గొంతు కాదది.

"దేవరాజులూ... నేనూ నిన్న తాగినా."

పక్క కుంచె మీదున్న పచ్చయ్యప్ప అడుగు ఒక్క క్షణం తడబడి మళ్ళీ కుదురుకుంది. అతనూ తలెత్తలేదు.

"ఇయ్యాల?" అన్నాడు దేవరాజులు.

"ఇయ్యాల ఇంకా లేదు. చేతులు నిలవలే, చూస్తివి గదా. పోగులు తెంపేస్తానేమో రా."

"వణికితే వణకనీలే మామా," అన్నాడు దేవరాజులు. "కుంచె కదిలించేదానికే కదా. లాగు."